పంటు వచ్చేదాకా

ఉంగుటూరు చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళకి ఏరు దాటడం ఒక పని అని తోచదు. తేలప్రోలు, ఆత్కూరు, పెదావుటపల్లి పక్కనుంచే జాతీయ రహదారి పోతుంది. రైలు పోతుంది. ఏలూరు కాలువ పోతుంది, కావలసినచోటల్లా దాని మీద వంతెన ఉంటుంది. మామిడి కోతల రోజుల్లో నూజివీడు వైపు నుంచి బయల్దేరిన లారీ కృష్ణ దాటి చెన్నై వైపు పోయినా, గోదావరి దాటి విశాఖ వైపు పోయినా మధ్యలో నది తగిలిన సంగతి డ్రైవరుకి గుర్తుండదు. క్లీనరయితే నిద్రలోనే దాటేస్తాడు.

ఆ అలవాటుతోనే వేసవిలో డిక్కీ నిండా చిన్నరసాల బుట్టలు సర్దుకుని గుడివాడ, కైకలూరు, భీమవరం మీదుగా కోనసీమ చుట్టాలింటికి బయల్దేరతాం. నరసాపురం దాకా పేచీ లేదు. ఊరు దాటి మాధవాయిపాలెం చేరాక రోడ్డు అయిపోతుంది. బోర్డు పెట్టి మూసెయ్యరు. వాలుగా దిగి దిగి వశిష్ఠ గోదావరిలో మునిగిపోతుంది, అంతే. అవతలి గట్టున సఖినేటిపల్లి. కొబ్బరిచెట్లు, వాటి కింద ఆగిన ఆటోలు, టీ బడ్డీ దగ్గర మనుషులు, అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ఫోనులో దారి చెప్పే గొంతుకి మాత్రం ఇవేమీ పట్టవు. నేరుగా వెళ్ళమంటుంది.

వెనక్కి తిప్పి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా చుట్టి రావచ్చు. ఆ చుట్టు 30 కిలోమీటర్లకు తక్కువ కాదు. లేదంటే పంటు వచ్చేదాకా ఆగాలి. ఎక్కువమంది ఆగుతారు.

కంటికి ఆనేముందే ఇంజను చప్పుడు వినిపిస్తుంది. తీరా దగ్గరికొచ్చాక చూస్తే పంటు పడవలా ఉండదు. నీళ్ళ మీద తేలే కళ్ళంలా బల్లపరుపుగా ఉంటుంది, పక్కలకు ఇనుప కమ్మీలు, ముందువైపు వాలే ఇనుప రేకు. ఆ రేకు గట్టుకి ఆనీ ఆనకముందే బండ్లు స్టార్టవుతాయి. దిగేవాళ్ళకూ ఎక్కేవాళ్ళకూ మధ్య కాసేపు తోపులాట. కొబ్బరికాయల ట్రాలీ, రొయ్యలకు ఐసు మోసే ఆటో, పాలక్యాన్లు వేలాడదీసిన మోటారు సైకిలు, యూనిఫారం పిల్లల సైకిళ్ళు, పెళ్ళికి పోతున్న పట్టుచీరలు. ఈ సందట్లో మనకి దారి చూపించేవాడు కళాసీ ఒక్కడే.

“ఏవండీ, మావిడికాయల కారండీ! మీరు మధ్యకి రండి. ఇంకాస్త. ఇంకాస్త. ఆయ్, చాలండి. హ్యాండు బ్రేకేసి గేర్లో పెట్టండి.”

“దిగాలా?”

“దిగితేనే మంచిదండి. పిల్లల్ని కూడా దింపేయండి. అద్దాలు కిందకే ఉంచండి.”

ఆ మాటల్లో చాలా ఉంది. బరువైనవి నడుమ, తేలికవి అంచులకి, మనుషులు ఆఖర్న మిగిలిన సందుల్లోకి. ఈ సర్దుబాటుకి కాగితం మీద లెక్కేమీ కనపడదు. పంటు అంచు నీటికి ఎంత ఎత్తున ఉందో ఒక చూపు చూసి కళాసీ చెయ్యి అడ్డం పెడతాడు, ఇక ఆగమని. ఆ చెయ్యి దించమని బతిమాలేవాళ్ళూ ఉంటారు. పెళ్ళి ముహూర్తమో, పరీక్ష టైమో, ఆస్పత్రో. ఒక్కోసారి చెయ్యి దిగుతుంది కూడా.

బయల్దేరాక సరంగు పంటు ముక్కుని ఎదుటి రేవు వైపు తిప్పడు. పాటు మీద నీరు సముద్రానికి లాగుతుంటే ఎగువకి తిప్పుతాడు, పోటు ఎక్కుతుంటే దిగువకి. నీరు తోస్తున్నంత మేరా తోయనిస్తూ ఏటవాలుగా పోయి, కరెక్టుగా రేవు దగ్గర తేలుతాడు. అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే నది ఇది, ఇక్కడ నీరు రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. అమావాస్యకీ పున్నానికీ ఆ తేడా మరీ ఎక్కువ. పూర్తిగా పాటు మీదున్నప్పుడు రేవు వాలు నిట్రగా తయారై, లోడు బండి ఎక్కేటప్పుడు వెనక చక్రాల కింద రాయి పెట్టేవాడొకడు సిద్ధంగా ఉండాలి.

పంటు మీద గాలి బాగుంటుంది. ఫోటోలు బాగా వస్తాయి. మనలాంటి చుట్టపు చూపు వాళ్ళకి అదొక ముచ్చట. రోజూ దాటేవాళ్ళకి అది రోడ్డు, తారు రోడ్డు ఎంత రోడ్డో అంత రోడ్డు. వంతెన వస్తుంది, వస్తుంది అని చెప్పుకుంటూ, అది వచ్చేదాకా బతకాల్సిన ఈ రోడ్డుని మనం గాలికొదిలేశాం. ఈ కథనంలో నేను చెప్పదలుచుకున్నది అదే.

ఓడలు కట్టిన చోటు

పంటు ఆగే మాధవాయిపాలేనికి పెద్ద చరిత్రే ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ వర్తక స్థావరం ఉండేది. పక్కనే నరసాపురంలో డచ్చివాళ్ళు. ఇక్కడి వడ్రంగుల చేత కంపెనీ ఓడలు కట్టించుకుంది, తుఫాన్లకు దెబ్బతిన్నవి బాగుచేయించుకుంది. ఈ చుట్టుపక్కల నేసిన తెల్లబట్ట మదపోళ్ళం బట్టగా యూరపు అంగళ్ళ దాకా పోయింది. సముద్రాలు దాటే ఓడలు కట్టిన రేవులో మూడు శతాబ్దాల తర్వాత ఒక్క పాయ దాటడానికి ఎండలో నిలబడాల్సి రావడం వింతే.

నీటి దారి మన డెల్టాకి కొత్తది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక తవ్విన కాలువలు ఒక్క సాగుకే కాదు, పడవలకి కూడా. మన ఏలూరు కాలువ రెండు డెల్టాల మధ్య ధాన్యం పడవలు తిరిగిన దారి. లాకులు అందుకే కట్టారు. వాటి గోడలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి, వాటి మధ్య దాటే పడవలే లేవు.

తర్వాత ఒక్కో రేవూ ఒక్కో వంతెనకి దారి ఇస్తూ వచ్చింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన 1893లో వచ్చింది. రాజమండ్రిలో హేవలాక్ వంతెన 1900లో తెరిచేదాకా గోదావరికి ఇటూ అటూ పట్టాలున్నా నడుమ నది పడవల మీదే దాటాలి. రోడ్డు వాహనాల వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1957 డిసెంబరు 24న ప్రకాశం బ్యారేజీ మీద రోడ్డు తెరిచేదాకా బెజవాడ నుంచి గుంటూరు వెళ్ళాల్సిన కారుకి పడవ సాయమో రైలు సాయమో ఉండాల్సిందే. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డు కం రైలు వంతెన 1974లో గాని రాలేదు. మన సినిమావాళ్ళు ‘మూగమనసులు’లో 1964లో పడవవాణ్ణి హీరోని చేసినా, ‘అందాలరాముడు’లో 1973లో కథంతా లాంచీ మీద నడిపినా చూసేవాళ్ళకి అది ఊహాలోకం కాదు. వాళ్ళు టికెట్టు కొనుక్కుని ఎక్కే పడవే.

యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద వంతెన 2002లో తెరిచారు. దానికి లోక్‌సభ స్పీకరుగా ఉండి కన్నుమూసిన జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు. కోనసీమ మనిషి. ఆ ఏడాది మార్చి 3న ఆయన హెలికాప్టరు కూలింది మన కైకలూరు దగ్గరే. ఆయన పట్టుబట్టి సాధించిన కోటిపల్లి – నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలు కట్టాలి దానికి. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. కోటిపల్లి రేవులో మాత్రం ముక్తేశ్వరం వెళ్ళే పంటు కోసం ఇంకా నిలబడుతున్నారు.

కృష్ణ మీద ఎగువకి పోతే పంటు లేదు, బల్లకట్టు ఉంది. అచ్చంపేట వైపు మాదిపాడు నుంచి జగ్గయ్యపేట వైపు ముక్త్యాలకి బండ్లని దాటించేది అదే. దిగువన పులిగడ్డ – పెనుమూడి వంతెన వచ్చాక దివిసీమకీ రేపల్లెకీ మధ్య బంధుత్వాలు దగ్గరయ్యాయి. వంతెన విలువ తెలియాలంటే దివిసీమవాళ్ళని అడగాలి. వంతెనల మీద నాకేమీ వైరం లేదు.

రేవు పాట

పంటు నడిపేది ప్రభుత్వమని మన ఊళ్ళో చాలామంది అనుకుంటారు. ఆర్టీసీ బస్సులా. కాదు. రేవుని ఏటా వేలం వేస్తారు. ఎక్కువ పాడుకున్నవారు ఆ ఏడాదికి రేవు హక్కుదారు. టికెట్టు డబ్బు వారిది, పంటు ఖర్చు వారిది, డీజిలు వారిది, సరంగు జీతం వారిది. పాట సొమ్ము పంచాయతీరాజ్ సంస్థలకి చేరుతుంది. దీని మూలాలు 1890 నాటి మద్రాసు కాలువలు, ప్రజా రేవుల చట్టం దాకా పోతాయి. తెల్లదొరల కాలంలో రేవు ఆదాయ వనరు. తాడిచెట్లని పాట పెట్టినట్టే రేవునీ పాట పెట్టారు. దొరలు పోయినా పాట మిగిలింది.

ఇప్పుడు పాడుకున్నవారి లెక్క ఒకసారి వేసి చూడండి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా గడువు. అందులో జులై, ఆగస్టు, సెప్టెంబరు వరద నెలలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే దిగువ రేవులన్నింటికీ తాళం పడ్డట్టే. 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలోలా వరద వస్తే రోజుల తరబడి పైసా రాదు. మిగిలిన నెలల్లో పాట సొమ్ము రాబట్టుకోవాలి. పైగా వచ్చే ఏడు రేవు తనదో కాదో తెలియదు. ఇలాంటప్పుడు కొత్త పంటు కొనేదెవరు? రెండో ఇంజను పెట్టించేదెవరు? పడవ అడుగు రేకు మార్పించేదెవరు? ఒక బండి ఎక్కువ ఎక్కించాలన్న ఆశ మనిషి దురాశలో పుట్టిందనుకుంటే పొరపాటు. ఆ వేలం కాగితంలోనే ఉంది.

అలాగని పాడుకున్నవాళ్ళందరూ పీడించేవాళ్ళని నేననను. పండగ పూట, అంతర్వేది కల్యాణం రోజుల్లో, భీష్మ ఏకాదశికి, ఆ జనాన్ని తెల్లవార్లూ దాటించడం ఆషామాషీ పని కాదు. పిల్లలకీ ఉద్యోగులకీ నెలవారీ రేటు పెట్టి, తెలిసిన ముసలమ్మని ఊరికే ఎక్కించుకునే రేవులూ ఉన్నాయి. ఆ మంచితనం వాళ్ళ సొంతం. వేలం షరతుల్లో ఉన్నది కాదు.

ఇంకో చిక్కుంది. 2022 జిల్లాల విభజన తర్వాత కూడా వశిష్ఠకి ఈ గట్టు పశ్చిమ గోదావరి, ఆ గట్టు కోనసీమ. పడవకి లైసెన్సిచ్చే శాఖ ఒకటి. రేవు పాడేది మరొకరు. వరదొస్తే ఆపమనేది రెవెన్యూవాళ్ళు. ప్రమాదం జరిగితే వచ్చేది పోలీసులు. 1917 నాటి చట్టాన్ని తీసేసి పార్లమెంటు 2021లో కొత్త అంతర్గత జలయాన చట్టం చేసింది. ప్రతి యంత్రపు పడవకీ రిజిస్ట్రేషను ఉండాలి, సర్వే జరగాలి, ఎంతమందిని ఎక్కించవచ్చో తేల్చాలి అంటుంది. చట్టం బాగానే ఉంది. రేవులో నిలబడ్డ మనిషికి అది కనపడాలంటే పంటు పక్కన తెల్ల అక్షరాలతో ఎంతమంది, ఎన్ని బండ్లు అని రాసి ఉండాలి. అంతకన్నా పెద్ద ఖర్చేమీ లేదు దానికి.

వెనక దారి లేని ఊరు

సఖినేటిపల్లికి చుట్టు దారయినా ఉంది. ఎదురుమొండికి అదీ లేదు.

ఉంగుటూరు నుంచి ఉయ్యూరు, చల్లపల్లి, అవనిగడ్డ దాటి నాగాయలంక చేరితే కృష్ణమ్మ చివరి మైళ్ళు మొదలవుతాయి. అక్కణ్ణించి ఏటిమొగ. ఏటిమొగ రేవులో పంటెక్కితే ఎదురుమొండి దీవి. దీవిలో ఊళ్ళున్నాయి, బళ్ళున్నాయి, చెరువులున్నాయి. పీతలూ రొయ్యలూ బయటికి రావాలన్నా, సిమెంటూ బియ్యమూ గ్యాసు బండా లోపలికి పోవాలన్నా ఆ పంటే. నాచుగుంట, ఈలచెట్లదిబ్బ లాంటి చోట్లకి ఇంకా లోపలికి పోవాలి. చుట్టూ మడ అడవులు, ఉప్పునీళ్ళు. ఇది నదో సముద్రమో పోటుని బట్టి చెప్పాలి. ఇదే మండలంలో గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రం పెట్టాలని రక్షణ పరిశోధన సంస్థ తలపెట్టింది. ఆకాశంలోకి పోయే దారి ముందు వస్తుందో, అవతలి గట్టుకి పోయేది ముందు వస్తుందో చూడాలి.

ఎదురుమొండిలో పంటు ఆగితే ఊరు ఆగుతుంది. రాత్రి నొప్పులొచ్చిన ఆడపిల్లకి 108 బండి అవతలి గట్టుదాకానే రాగలదు. తుఫాను హెచ్చరిక వస్తే ఇంకా విచిత్రం. గాలి హోరెత్తాక మొదట ఆపేది పంటునే, ఆపకపోతే ప్రమాదం. అంటే ఊరు ఖాళీ చేయించాల్సి వచ్చే గంటల్లోనే ఊరి దారి మూసుకుపోతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ దివిసీమ మీదే పడింది. పది వేల మంది ప్రాణాలు పోయిన ఆ రాత్రిని చూసినవాళ్ళు ఈ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. గాలి చినుకు మొదలవగానే వాళ్ళ కళ్ళు టీవీ మీద ఉండవు, రేవు మీద ఉంటాయి. అటు తడ దగ్గర పులికాట్ సరస్సులో ఇరకం దీవివాళ్ళదీ ఇదే పరిస్థితి. భీమునివారిపాలెం నుంచి పడవ తప్ప వేరే గతి లేదు.

మన పక్కనే కొల్లేరు లంకల్లో ఒకప్పుడు ఇంతే. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి మా పెద్దవాళ్ళు ఎడ్లబండి దిగి పడవెక్కినవాళ్ళే. రోడ్లు పడ్డాక ఆ తరం కబుర్లుగా మిగిలాయవి. ఎదురుమొండివాళ్ళకి ఇంకా కబుర్లు కాలేదు.

స్తంభానికి తగిలిన పడవ

2018 జులై 14. ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గోదావరి పాయ దాటుతున్న పడవ బోల్తాపడింది. ఎక్కినవాళ్ళలో బడి నుంచి ఇంటికి పోతున్న పిల్లలున్నారు. వరద నీటిలో అదుపు తప్పిన ఆ పడవ తగిలింది రాయికో దుంగకో కాదు. ఆ పిల్లల కోసమే కడుతున్న వంతెన స్తంభానికి. ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడు పడని వార్త ఇది. వంతెన పని సాగుతోంది కాబట్టి పడవ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పడవ సంగతి పట్టించుకోలేదు కాబట్టి కొందరు పిల్లలకి ఆ వంతెన అక్కరకు రాలేదు.

అంతకు ముందు ఏడాది, 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమానికి వస్తున్న పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు. ఆ రేవులో జనాన్ని ఎక్కించుకోవడానికి ఆ పడవకి అనుమతే లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ మునిగి 51 మందిని మింగింది. ఐదు వారాలు దాటాక, అక్టోబరు 22న, కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనుప తాళ్ళతో దాన్ని బయటికి లాగింది. చదువుకున్న ఇంజనీర్లు చెయ్యలేనిది చేపల రేవు మనుషులు చేసి చూపించారని అప్పుడు అందరం మెచ్చుకున్నాం. ఆ అనుభవాన్ని పంటులు తనిఖీ చేయించడానికి వాడుకోవచ్చన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

చివరి రెండూ పర్యాటక పడవలు, పంటు వేరు అనేవాళ్ళున్నారు. వేరే. పంటు వెడల్పు, తొందరగా తిరగబడదు. కానీ బండ్లెక్కే పడవకి తనదైన గండం ఒకటుంది. అది ప్రపంచానికి తెలిసింది 1987 మార్చి 6న. బెల్జియంలోని జీబ్రుగ రేవు నుంచి ఇంగ్లండు బయల్దేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అనే పెద్ద ఫెర్రీ రేవు దాటిన నిమిషాల్లోనే పక్కకి ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. బండ్లు ఎక్కే ముక్కు వైపు తలుపులు మూయడం మరిచిపోయారు. మూయాల్సిన నావికుడు నిద్రపోతున్నాడు. మూశారో లేదో కెప్టెనుకి చూపించే దీపం ఓడ మీద లేదు. తలుపులోంచి వచ్చిన నీరు బండ్ల అంతస్తులో ఒక పలచని పొరలా పరుచుకుని, ఓడ కాస్త ఒరిగితే అంతా ఆ పక్కకే పారి ఇంకా ఒరిగేలా చేసింది. అడ్డుగోడల్లేని విశాలమైన డెక్కు మీద నీరయినా, బరువయినా, బెదిరిన జనమయినా చేసే పని ఒకటే. ఒక పక్కకి పోగవుతుంది. మన కళాసీ బండిని గేర్లో పెట్టమన్నదీ, మధ్యకి రమ్మన్నదీ, పిల్లల్ని కారు దింపమన్నదీ అందుకే. అతనికి జీబ్రుగ పేరు తెలియదు, లెక్క తెలుసు.

ఆ ప్రమాదం తర్వాత ప్రపంచమంతా ఓడల భద్రతా నిర్వహణకి కొత్త నియమావళి వచ్చింది. తప్పు ఒక్క నిద్రపోయినవాడిది కాదనీ, తలుపు చూసుకోవడం ఎవరి పనో తేల్చి చెప్పని యాజమాన్యానిదనీ విచారణలో బయటపడింది. మన రేవుల్లో ఆ ప్రశ్న ఇంకా వెయ్యలేదు.

పొరుగు రేవులు

కొచ్చిలో ఆ ప్రశ్న వేశారు. 2015 ఆగస్టు 26న ఫోర్ట్ కొచ్చి దగ్గర పడవ ప్రమాదంలో 11 మంది చనిపోయారు. 2018లో అక్కడి నగరపాలక సంస్థ కొచ్చిన్ షిప్‌యార్డు చేత ‘సేతుసాగర్’ అనే రెండు రోరో పడవలు కట్టించి ఫోర్ట్ కొచ్చి, వైపిన్‌ల మధ్య పెట్టింది. బండి ఇటు ఎక్కి అటు తిన్నగా దిగిపోతుంది. నడిపేది ప్రభుత్వ నౌకాయాన సంస్థ. అవీ మొరాయిస్తుంటాయి, మరమ్మతుకి పోయినప్పుడు జనం తిట్టుకుంటారు. తేడా ఏమిటంటే ఎవర్ని తిట్టాలో వాళ్ళకి తెలుసు. 2023లో అదే కొచ్చిలో కరెంటు బ్యాటరీ పడవలతో వాటర్ మెట్రో మొదలైంది.

గోవాలో ఇంకా తేలిక. ప్రభుత్వానికి నదీ రవాణా శాఖ అని ప్రత్యేకంగా ఉంది. మాండవి, జువారి నదుల మీద ఫెర్రీలు నడిపేది ఆ శాఖే. నడిచి ఎక్కేవాళ్ళ దగ్గర టికెట్టు తీసుకోరు. రోడ్డు మీద నడిచినందుకు డబ్బులడగనట్టే. న్యూయార్కులో మనవాళ్ళ పిల్లలు స్వేచ్ఛా ప్రతిమని పైసా ఖర్చు లేకుండా చూసే ఉపాయం స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ. అది 1997 నుంచి ఉచితం. అంత ధనిక నగరం కూడా 25 నిమిషాల ఆ దాటుని జనం హక్కుగానే చూసింది. డెన్మార్కు, స్వీడన్‌ల మధ్య హెల్సింగోర్ దగ్గర 4 కిలోమీటర్ల సముద్రపు దాటుంది. 20 నిమిషాలు పడుతుంది. బండ్లనీ జనాన్నీ మోసే అక్కడి పెద్ద ఫెర్రీలు రెండు 2018 నుంచి బ్యాటరీ మీద నడుస్తున్నాయి, రేవుకి ఆనగానే యంత్రపు చెయ్యి వచ్చి చార్జింగు పెడుతుంది.

అన్నీ విజయాలే కావు. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దాటించే ఘోఘా – దహేజ్ రోరోని 2017లో ఆర్భాటంగా మొదలుపెట్టారు. దహేజ్ దగ్గర ఒండ్రు మేట వేసి పడవ అడుగు తగలడం మొదలయ్యాక దాన్ని ఆపి, 2020లో హజీరాకి మార్చాల్సి వచ్చింది. మన కోటిపల్లివాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. వేసవొస్తే వాళ్ళ గౌతమి ఇసుక తిన్నెలుగా చీలిపోతుంది, తిన్నె మీద బాట వేసుకుని, మిగిలిన నీటి ముక్క మీద పంటు తిప్పుతారు. ఏటా మారే రేవుకి ఏటా కొత్త దారి. కోట్లు పోసి నేర్చుకున్న పాఠం గుజరాత్‌ది. ఇక్కడ అది రోజువారీ పని.

మార్చిలోగా

వంతెనకి శంకుస్థాపన జరిగినప్పుడల్లా గోదావరి గట్టున టపాసులు కాలుతాయి. కాలనివ్వండి. ఈలోగా చెయ్యగలిగిన పనికి కోట్లు అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు రేవు వేలం ప్రకటన వస్తుంది, దాని వెనక షరతుల కాగితం ఉంటుంది. గడువు ఏడాది బదులు ఐదేళ్ళు పెడితే పాడుకున్నవారు మంచి పంటు దించడానికి వెనకాడరు. వరద రోజులకి పాట సొమ్ములో తగ్గింపు ఇస్తే ఆపాల్సిన రోజు ఆపడానికి చెయ్యి వణకదు. రెండు ఇంజన్లు, తలకో లైఫ్ జాకెట్టు, రాత్రి దీపాలు, ఏడాదికోసారి పంటుని గట్టెక్కించి అడుగు చూపించిన కాగితం, ఇవి లేకుండా పాటలోకే రానివ్వకూడదు. ఎదురుమొండి లాంటి వేరే దారి లేని రేవుని అసలు పాట పెట్టకూడదు. ప్రభుత్వమే నడపాలి, అర్ధరాత్రి పిలిస్తే పలికే సరంగుని జీతమిచ్చి పెట్టాలి. వచ్చిన పాట సొమ్ములో కొంత రేవు వాలు బాగుచేయడానికీ, ఎండలో నిలబడే ఆడవాళ్ళకి ఒక షెడ్డూ మరుగుదొడ్డీ కట్టడానికీ అక్కడే ఖర్చుపెట్టాలి.

ఆఖరిగా కళాసీ సంగతి. లారీ నడపాలంటే హెవీ లైసెన్సు కావాలి, బస్సులో టికెట్టు కొట్టేవాడికి కండక్టరు బ్యాడ్జీ ఉండాలి. పంటు మీద ఇన్ని ప్రాణాల బరువుని కంటిచూపుతో తూచే మనిషికి మాత్రం ఏ గుర్తింపూ లేదు. ఇక చాలు, ఆపమని అతను చెయ్యి అడ్డం పెట్టినప్పుడు, పై నుంచి ఫోనొచ్చినా ఆ చెయ్యి దించనక్కర్లేదని ఆ షరతుల కాగితంలో ఒక్క వాక్యం రాయాలి.